శరభయ్యగారు చెప్పని తిథి

పలివెల,
విరోధికృతు సంవత్సరం, శ్రావణ శుద్ధ సప్తమి

చెల్లెలు అచ్చయమ్మకు అన్న శరభయ్య ఆశీస్సులు.

సత్తియ్య పడవ రేపు మీ ముక్తేశ్వరం వైపు వస్తోందని తెలిసి రాస్తున్నాను. ఇక్కడ నేను ఉన్నాను. బాగున్నానని రాయాలంటే నా మోకాళ్ళు ఒప్పుకోవు. పొద్దున్నే ఇరవైరెండు గడపలు తిరగాలి. ప్రతి గడప దగ్గరా తిథి వార నక్షత్రాలు చెప్పాలి. తరువాత ఒక మాట, దాని అర్థం. తరువాత లోకంలోని ఏదో ఒక వింత. చివరికి, ఇదే తిథిన పూర్వం ఏం జరిగిందో, ఆ ఇంట్లో ఎవరి తద్దినం దగ్గరపడుతోందో. నాన్నగారు మొదలుపెట్టిన పద్ధతి. ఆయన చెబుతుంటే పిల్లలు వీధి చివరి దాకా వెంట వచ్చేవారు. నేను చెబుతుంటే లోపలి నుంచి "ఆయ్, విన్నామండీ, వెళ్ళిరండి" అంటున్నారు.

నీకు ఇష్టమని ఈ పక్షం చెప్పినవి కొన్ని రాస్తున్నాను. నీళ్ళకు జీవనం అని ఒక పేరు, భువనం అని ఒక పేరు. కొబ్బరి పూత కాయై ముదరడానికి ఏడాది పడుతుందని చెబితే పెదబాబుగారు "మా దొడ్లో చెట్లకి ఆ సంగతి తెలీదండీ, రెండేళ్ళు చేస్తున్నాయి" అన్నారు. మొన్న పంచమికి నందన సంవత్సరపు కరువులో మా వీధిలో మొదటిసారి గంజి కాచి పోసిన రోజు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం మూడిళ్ళల్లో ముసలివాళ్ళు గడప దాకా వచ్చి విన్నారు. ఆ గంజి కాచి పోసినవాళ్ళు ఊళ్ళో అంతమందే మిగిలారు.

నీ దస్తూరీ ఈ మధ్య బాగా కుదిరింది. చిన్నప్పుడు నాన్నగారు ఎన్ని మొట్టికాయలు వేసినా కుదరలేదు, ఇప్పుడు ఎవరు వేస్తున్నారు?

చి.సౌ. శారదకు ఆశీస్సులు.

శరభయ్య


ముక్తేశ్వరం,
శ్రావణ బహుళ ద్వాదశి

అన్నయ్యకు అచ్చయమ్మ నమస్కారాలు.

నీ మాటలు అందాయి. గంజి పోసిన రోజు నాకూ గుర్తుంది. ముంత పట్టుకుని నీ వెనకాల నిలబడ్డాను.

ఇక్కడ ఒక సంగతి వచ్చింది. నీకు తెలియనిది కాదు, కానీ నువ్వు ఎప్పుడూ ఎత్తవు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. నీ కొడుకు గౌరీశంకరం సముద్రం వైపు వెళ్ళి తిరిగి రాక, వచ్చే కార్తీక బహుళ పంచమికి పన్నెండేళ్ళు నిండుతాయి. కబురు లేనివాడికి పన్నెండేళ్ళు నిండితే మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి దహనం చేయాలి కదా. ఆ రోజుతో నా కూతురికి బొట్టు తీసేస్తారు. జుట్టు తీయిస్తారు. మా మరిది నిన్న పెద్దల్ని పిలిచి అరుగు మీద మాట్లాడాడు. మంచివాడే, మా ఇద్దరికీ ఇన్నేళ్ళుగా అన్నం పెడుతున్నాడు. కానీ ఊరు ఒక మాట అంటే రెండో రోజు అతనికి నిద్ర పట్టదు. "లెక్కకి మీ అన్నయ్యగారే ఉన్నారు కదా వదినా, ఆయన చెప్పిన రోజే చేద్దాం" అంటున్నాడు.

శారదకు ఇరవైరెండు. నీ కొడుకు దాని మెడలో తాళి కట్టినప్పుడు ఎనిమిది. కాపురం చేసింది లేదు. మేనరికం అంటే పిల్ల కళ్ళ ముందే ఉంటుందని ఇద్దరం ముచ్చటపడి చేశాం.

అన్నయ్యా, ఈ నేలమీద ఎవరికి ఏ రోజు ఏమిటో చెప్పేది నువ్వు. దీనికి ఏదైనా దారి ఉంటే చూడు.

అచ్చయమ్మ


పలివెల,
భాద్రపద బహుళ పంచమి

చెల్లెలికి ఆశీస్సులు.

మహాలయ పక్షం వచ్చింది. ఊపిరాడడం లేదు. ఇరవైరెండు ఇళ్ళల్లో పోయినవాళ్ళందరినీ ఈ పదిహేను రోజుల్లో తలుచుకోవాలి. ఎవరి తాత ఏ తిథిన పోయాడో కొడుకులకే గుర్తుండదు. "మీ దగ్గర ఉంటుంది కదండీ" అని నా తాటాకుల వైపు చూస్తారు. వీళ్ళ చనిపోయినవాళ్ళందరూ నా ఇంట్లోనే కాపురం ఉన్నట్టుంది.

ఈ వారం కాకి గురించి చెప్పాను. కాకికి బలిపుష్టం అని పేరు. మనం పెట్టిన బలి మెతుకులు తిని పెరిగేది అని. కోకిల గుడ్లు అదే పొదుగుతుంది. చెబితే భూలక్ష్మిగారు "అంత తెలివైన పిట్ట అంత వెర్రిదెలా అయిందండీ" అని అడిగారు. నేను తరువాతి గడపకు వెళ్ళిపోయాను. ధవళేశ్వరం ఆనకట్ట పనికి మన ఊరినుంచి ఇంకో పదిమంది వెళ్ళారు. ఆ నీళ్ళు మన లంకల దాకా వస్తాయంటున్నారు.

నువ్వు రాసింది చదివాను. పన్నెండేళ్ళ లెక్క తప్పు కాదు. లెక్క లెక్కే.

చి.సౌ. శారదకు ఆశీస్సులు.

శరభయ్య


ముక్తేశ్వరం,
ఆశ్వయుజ శుద్ధ తదియ

అన్నయ్యకు,

నా కూతురి సంగతి రాస్తే నువ్వు కాకి పేర్లు రాశావు.

నాకు ఇరవైఆరేళ్ళప్పుడు, ఆయన పోయిన పదో రోజున దొడ్లో పీట వేసి కూర్చోబెట్టారు. నువ్వు వచ్చావు. వీధి అరుగు మీదే కూర్చున్నావు, దొడ్లోకి రాలేదు. నేను తల మీద ముసుగు వేసుకుని వచ్చాక నా ముఖం చూడకుండా "భోజనం చేశావా" అని అడిగావు. ఆ కత్తి చల్లదనం నాకు ఇప్పటికీ నెత్తి మీద ఉంది. అప్పుడు శారద నా ఒళ్ళో ఉంది, పాలు తాగే పిల్ల. కింద పడ్డ జుట్టు పట్టుకుని ఆడుకుంది. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నాకు అలసట వచ్చింది అన్నయ్యా. ఏడవడానికి కూడా ఓపిక లేదు. చేయించేస్తే అయిపోతుంది కదా అని ఒక్కోసారి అనిపిస్తోంది. మళ్ళీ ఆ పిల్ల తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మా మరిదిని అడిగాను. పన్నెండేళ్ళు లెక్క పెట్టేది మనిషి మాయమైన రోజునుంచి కాదట, అతని కబురు ఆఖరుగా తెలిసిన రోజునుంచట. పెద్దలు కూడా అవునన్నారు. ఆ తరువాత ఎవరైనా, ఎక్కడైనా వాణ్ణి చూశామన్నారా? కాట్రేనికోన పడవవాళ్ళను నువ్వే కదా ఏటా వెళ్ళి కలిసి వస్తావు. ఒక్కసారి అడుగు.

అచ్చయమ్మ


పలివెల,
ఆశ్వయుజ బహుళ అష్టమి

చెల్లెలు అచ్చయమ్మకు శరభయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం మీ మరిదిగారికీ, అక్కడి పెద్దలకూ చదివి వినిపించు.

నువ్వు అడగమన్నట్టే అడిగాను. కాట్రేనికోన పడవవాడు నూకరాజును పిలిపించి, నిన్న ఇక్కడి పెద్దల ముందు నిలబెట్టాను. పందిరి బయటే నిలబడి చెప్పాడు. "మూడేళ్ళ కిందట బర్మాలో మౌలమీను రేవులో బియ్యం దింపుతుంటే చూసేనండి. పలివెల శరభయ్యగారబ్బాయినని ఆయనే చెప్పేరండి. మనిషి చిక్కిపోయేరండి." కళ్ళారా చూశావా అని పెద్దలు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ "ఆయ్, చూసేనండి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "సముద్రం దాటేరని తెలిస్తే మీవాళ్ళు వెలేస్తారని చెప్పొద్దన్నారండి" అన్నాడు. అది అందరికీ సబబుగానే తోచింది.

పెద్దలు ఒప్పుకున్నారు. ఆ రోజునుంచి లెక్కపెడితే ఇంకా తొమ్మిదేళ్ళుంది. ఈ కార్తీకంలో దహనం లేదు. శారద బొట్టుకు ఎవరూ అడ్డు చెప్పరాదు.

ఈ పక్షం మాటలు రాయడానికి ఓపిక లేదు. వచ్చేసారి రాస్తాను.

శరభయ్య


ముక్తేశ్వరం,
కార్తీక శుద్ధ విదియ

అన్నయ్యకు అచ్చయమ్మ వేయి నమస్కారాలు.

నీ ఉత్తరం విని మా మరిది అరుగు మీదే కూలబడి ఏడ్చాడు. తన చేత్తో ఆ పిల్లకు అలా చేయించాల్సి వస్తుందేమోనని ఎంత భయపడ్డాడో నాకు అప్పుడు తెలిసింది. అతన్ని ఇన్నాళ్ళూ లోపల తిట్టుకున్నాను.

బతికి ఉన్నాడు! వినడానికే నాకు ధైర్యం చాలలేదు. ఇంకోసారి, ఇంకోసారి అని నాలుగుసార్లు విన్నాను. శారద మర్నాడు పొద్దున్నే దొడ్లో పారిజాతం పూలు ఏరి మాల కట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పకుండా అది పూలు పెట్టుకోవడం నేను ఎరగను. మౌలమీను ఎక్కడ, ఎన్ని రోజుల దూరం అని మా మరిదిని అడిగింది. ఓడకు నెల పడుతుందేమోనంటే వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మా మరిది కోరంగి ఓడలవాళ్ళ చేత కబురు పంపుతానంటున్నాడు. సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం ఏమి చేయించాలో కూడా ఇప్పటినుంచే కనుక్కుంటున్నాడు. వాడికి ఇష్టమైనవి ఏమిటో నువ్వు రాయి. నాకు చింతకాయ పచ్చడి ఒక్కటే గుర్తు.

అచ్చయమ్మ


పలివెల,
కార్తీక శుద్ధ షష్ఠి

అచ్చయమ్మా,

ఇది నీ ఒక్కదానికే. చదివి పొయ్యిలో పెట్టు.

నూకరాజు చెప్పింది అబద్ధం. నేనే నేర్పాను. వాడు మూడేళ్ళ కిందట మౌలమీను వెళ్ళిన మాట నిజం. అక్కడ మనవాడు కనబడలేదు. కనబడడు.

బొట్టు నిలిస్తే చాలనుకున్నాను. అది మాల కట్టుకుంటుందనీ, వేళ్ళు లెక్కపెట్టుకుంటుందనీ నాకు తట్టలేదు. లోకం రోజులన్నీ లెక్కపెట్టేవాణ్ణి, ఆ పిల్ల లెక్కపెట్టుకుంటుందని తెలుసుకోలేకపోయాను. నీ ఉత్తరం చూసి రెండు రోజులు గడపలకు వెళ్ళలేదు.

జరిగింది చెబుతాను. ఆ వికారి సంవత్సరం కార్తీకంలో వాణ్ణి సముద్రం వైపు పంపింది నేను. వాడు తనంతట వెళ్ళాడని అందరితో అన్నాను, నీతో కూడా. గడపల దగ్గర చెప్పడానికి నాకు కొత్త మాటలు కావలసి వచ్చాయి. గాలికి మనకు నాలుగు పేర్లుంటే పడవవాళ్ళకు పదిహేను ఉంటాయట, వెళ్ళి రాసుకుని రా అన్నాను. వాడికి పద్దెనిమిదేళ్ళు. సంబరంగా గంటం, తాటాకులు మూట కట్టుకుని వెళ్ళాడు. పంచమి నాడు ఉప్పెన వచ్చింది.

నీళ్ళు తీశాక వెతుక్కుంటూ వెళ్ళాను. నూకరాజు పాకలో దొరికాడు. ప్రాణంతోనే ఉన్నాడు. దూలం పడి రొమ్ము నలిగింది. నూకరాజు భార్య అప్పలమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని గంజి పోస్తోంది. వాళ్ళ పిల్లలిద్దరు ఆ ఉప్పెనలోనే పోయారు. ఆ తల్లి నా కొడుక్కి గంజి పోస్తోంది. నన్ను చూసి భయపడి, "తప్పయిపోయిందండీ, దాహం దాహం అన్నారండీ, చూడలేకపోయేనండీ" అంది. నేను ఆ ముంత అందుకుని, మిగిలింది నా చేత్తో పోశాను. వాడు రెండు రోజులు బతికాడు. స్పృహ ఉన్నంతసేపూ గాలుల పేర్లు చెప్పాడు, తాటాకులు కొట్టుకుపోయాయి కాబట్టి నన్ను గుర్తుపెట్టుకోమన్నాడు. ఆ పేర్లు ఈ రోజుకూ ఏ గడప దగ్గరా చెప్పలేదు.

దహనం అక్కడే చేశాను. నూకరాజు కట్టెలు తెచ్చాడు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా నీ కూతురు కళ్ళ ముందు మెదిలింది. పదేళ్ళ పిల్ల. నీ దొడ్లో పీట గుర్తొచ్చింది. ఊళ్ళోకి వచ్చి, దొరకలేదని చెప్పాను. పన్నెండేళ్ళు పెద్ద కాలం అనిపించింది. ఈలోగా నేనైనా పోతాననుకున్నాను.

ఏటా కాట్రేనికోన వెళ్ళేది కబురు కనుక్కోవడానికి కాదు. అక్కడ వాడికి నువ్వులు, నీళ్ళు వదులుతాను. తంతు ఏదీ పూర్తిగా లేదు. మంత్రం చెప్పేవాడూ నేనే, కర్తనూ నేనే. అది ఏ తిథో ఇక్కడ రాయను. తెలిస్తే ఆ రోజు నీ ఇంట్లో నువ్వు ముఖం దాచుకోలేవు.

నూకరాజు ఒక్కటే అన్నాడు. "ఆ బాబు మా పాకలో పోయేరండి. ఆయమ్మ కోసం చెప్పేను. మళ్ళీ చెప్పమనకండి అయ్యగారూ, సముద్రం మీద బతికేవోణ్ణి."

నేను కూడా ఇంక చెప్పలేను. తిథి ఎన్నడూ తప్పు చెప్పని నోరు ఇది. శారదకు ఏం చెబుతావో, ఏం చెప్పవో నీ ఇష్టం. నాకు ఆలోచించే శక్తి అయిపోయింది.

శరభయ్య


ముక్తేశ్వరం,
కార్తీక శుద్ధ ద్వాదశి

మావయ్యగారికి శారద నమస్కారాలు.

మీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. పెట్టమని రాసింది మా అమ్మకు. కానీ అమ్మకు రెండేళ్ళుగా చూపు ఆనడం లేదు. గడప తడుముకుంటూ దాటుతుంది. మీకు తెలిస్తే బాధపడతారని రాయనివ్వలేదు. మీ ఉత్తరాలు చదివి వినిపించేది నేను. అమ్మ చెబుతుంటే రాసేదీ నేనే. కుదిరిందని మీరు అన్న దస్తూరీ నాది. నన్ను ఏం చేయబోతున్నారో, నా జుట్టు సంగతి, అమ్మ జుట్టుతో నేను ఆడుకున్న సంగతి, అన్నీ నా చేత్తోనే రాశాను. "చేయించేస్తే అయిపోతుంది" అన్న మాట దగ్గర అమ్మ ఆగిపోయింది. రాశానని నేను చెప్పాక తరువాతి మాట చెప్పింది.

ఈ ఉత్తరం కూడా పైకి చదవడం మొదలుపెట్టాను. "నీ ఒక్కదానికే" అన్న చోట లేవబోయాను. "ఇంక నేను చదువుకోలేను కదే, నువ్వే చదువు" అంది అమ్మ. "కనబడడు" అన్న చోట అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చివరిదాకా చదివాను. అమ్మ ఏడ్చింది. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు. మర్నాడు పారిజాతం చెట్టు కింద ఊడుస్తుంటే వచ్చింది.

మావయ్యా, నాకు మీ మీద కోపం ఉంది. రాయకుండా ఉంటే అబద్ధం అవుతుంది. పన్నెండేళ్ళు ప్రతి పడవ చప్పుడుకూ తలెత్తాను. వంట మధ్యలో చేతులు తుడుచుకుని రేవు వైపు చూశాను. మీరు అష్టమి, నవమి చెప్పుకుంటూ తిరుగుతున్నారు. నేను చూస్తూ ఉన్నాను. అలసిపోయాను.

కానీ మా అమ్మ తలను రోజూ నేనే తుడుస్తాను. నాకు అది వద్దు. సిగ్గుపడకుండా రాస్తున్నాను, వద్దు. మీరు నాకు తప్పించింది ఏమిటో తెలిసినవాళ్ళు నాకంటే ఎవరూ లేరు. అందుకు మీ పాదాలకు దణ్ణం పెడుతున్నాను. కోపమూ దణ్ణమూ రెండూ ఉంచుకోండి.

చిన్నాన్న ఓడలవాళ్ళకు కబురు పంపాడు. పంపనిచ్చాను. జవాబు రాదు. రాకపోతే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. బొట్టు పెట్టుకుంటాను. పూలు పెట్టుకోను. అడిగితే తలనొప్పి అంటాను. అప్పలమ్మ అనే ఆవిడకు ఒక చీర పంపాలని ఉంది. ఏమని పంపాలో తెలియడం లేదు, మీరు చెప్పండి.

ఆయన ముఖం నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా రాదు. గొంతు కొంచెం గుర్తుంది.

ఇరవైరెండు ఇళ్ళవాళ్ళకు ఎవరి రోజు వాళ్ళకు చెబుతారు. ఎవరి ముత్తాతో పోయిన రోజు కూడా మీ తాటాకుల్లో ఉంది. నాకు ఒక్కటే రోజు. నేను ముఖం దాచుకోగలను, ఇన్నేళ్ళుగా నేర్చుకున్నాను. నా రోజు నాకు చెప్పండి.

శారద


పలివెల,
కార్తీక పూర్ణిమ

చిరంజీవి శారదాంబకు శరభయ్య ఆశీస్సులు.

అమ్మ కళ్ళ సంగతి ముందే రాసి ఉండాల్సింది. మీ ఇద్దరూ నా దగ్గర దాచారు, నేను మీ దగ్గర దాచాను. ఎవరిని తిట్టను? పౌర్ణమి దాటాక సత్తియ్య పడవలో వచ్చి మీ అమ్మను చూస్తాను. అప్పలమ్మ చీర నాకు ఇవ్వు, నేను తీసుకెళతాను. ఏమని ఇవ్వాలో వెతకనక్కరలేదు, నీ పేరు చెబితే ఆమెకు తెలుస్తుంది.

నీ కోపం ఉంచుకున్నాను.

ఉప్పెన వచ్చిన పంచమి నీ రోజు కాదు. నీ రోజు కార్తీక బహుళ దశమి. అపరాహ్ణం వేళ, ఎండ ఉండగానే పోయాడు. ఆ రోజు స్నానం చేసి మూడు దోసిళ్ళు నీళ్ళు వదులు, ఒంటిపూట ఉపవాసం ఉండు. మంత్రం అక్కరలేదు, పేరు తలుచుకుంటే చాలు. ఏటా ఏ వారం పడుతుందో, ఎవరికీ అనుమానం రాకుండా ఏం చేయాలో నేను ముందుగా లెక్క కట్టి రాస్తాను, నేను ఉన్నంతకాలం.

ఈ ఏడు దశమి సోమవారం పడింది. కార్తీక సోమవారం కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళందరూ గోదావరికి వెళతారు, అందరూ ఉపవాసమే ఉంటారు. నువ్వు ఎందుకు తినలేదని ఎవరూ అడగరు.

శరభయ్య